ల్యాప్‌టాప్ కొనేముందు వైఫై కార్డు పేరు అడగండి

ఆమధ్య సంక్రాంతికి గుంటూరు వెళ్తే మా మేనకోడలు ల్యాప్‌టాప్ తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "మామయ్యా, ఏ వీడియో పెట్టినా ఇందులో గుండ్రంగా తిరుగుతానే ఉంటుంది, అదే ఫోన్‌లో పెడితే టక్కున వస్తుంది, ఏంటో చూడవా" అంది. బీటెక్‌లో చేరిందని మా బావ కొనిచ్చిన కొత్త ల్యాప్‌టాప్ అది, కొని ఆరు నెలలు కూడా కాలేదు. పాపం ఆయన చెయ్యాల్సిందంతా చేశాడు, నెట్ వాళ్లని మూడుసార్లు పిలిపించాడు, రౌటర్ మార్పించాడు, చివరికి ప్లాన్ కూడా 100 నుంచి 200 ఎంబీపీఎస్‌కి పెంచాడు, నెలనెలా ఎక్కువ కడుతున్నాడు, ల్యాప్‌టాప్‌లో మాత్రం రవ్వంత మార్పు లేదు.

ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ పెడితే 190 వచ్చింది. అదే మంచం మీద కూర్చుని ల్యాప్‌టాప్‌లో పెడితే 38. సెట్టింగ్స్‌లోకి వెళ్లి వైఫై ప్రాపర్టీస్ ఓపెన్ చేస్తే కింద నెట్‌వర్క్ బ్యాండ్ దగ్గర 2.4 గిగాహెర్ట్జ్ అని ఉంది, లింక్ స్పీడ్, అంటే ల్యాప్‌టాప్‌కీ రౌటర్‌కీ మధ్య నడిచే వేగం, దాని దగ్గర 72 అని ఉంది. ఆ 72 చూడగానే నాకు కడుపులో దేవినట్టయింది, ఎందుకంటే ఆ నంబర్ ప్లాన్ వల్లా రాదు, రౌటర్ వల్లా రాదు, ల్యాప్‌టాప్ లోపల పెట్టిన కార్డు వల్ల వచ్చిందది, కొనే రోజున ఒక్క ప్రశ్న అడిగి ఉంటే తప్పిపోయేది. బావని అడిగితే "షాపులో వైఫై ఉందా అని అడిగాను, ఉందన్నారు" అన్నాడు. నిజమే, ఉంది.

అందుకే ఇది రాస్తున్నా. ర్యామ్ ఎంత, ఎస్ఎస్‌డీ ఎంత, ప్రాసెసర్ ఏ జనరేషన్ అని మనం చాలా జాగ్రత్తగా అడుగుతాం, వైఫై దగ్గరికి వచ్చేసరికి "ఉంటుందిలే" అని వదిలేస్తాం, తీరా చూస్తే ఇప్పటి సన్నటి ల్యాప్‌టాప్‌లు చాలావాటికి నెట్ వైరు గుచ్చుకునే లాన్ పోర్టే ఉండట్లేదు, అంటే ఆ ల్యాప్‌టాప్ బతికినన్నాళ్లూ ఇంటర్నెట్ మొత్తం ఆ గోరంత కార్డులోంచే రావాలి.

ముందు పేర్ల సంగతి

స్పెసిఫికేషన్లలో 802.11 అని కనిపిస్తుంది చూడండి, అది ఐట్రిపుల్ఈ అనే ఇంజనీర్ల సంస్థ పెట్టిన స్టాండర్డ్ నంబర్. 1997లో మొదటిది వచ్చినప్పుడు స్పీడ్ 2 ఎంబీపీఎస్. ఆ తర్వాత దాని పక్కన అక్షరాలు చేరుతూ వచ్చాయి, 1999లో ఏ, బీ, 2003లో జీ, 2009లో ఎన్, 2013లో ఏసీ, ఆ తర్వాత ఏఎక్స్, ఇప్పుడు బీఈ. ఈ అక్షరాల్లో ఏది కొత్తది ఏది పాతది మామూలు మనిషికి ఎలా తెలుస్తుంది, తెలీదు కాబట్టే 2018 అక్టోబర్‌లో వైఫై పరికరాలకి సర్టిఫికెట్ ఇచ్చే వైఫై అలయన్స్ వాళ్లు ఎన్‌ని వైఫై 4 అని, ఏసీని వైఫై 5 అని, ఏఎక్స్‌ని వైఫై 6 అని పిలవడం మొదలుపెట్టారు. బీఈ వైఫై 7, దానికి సర్టిఫికేషన్ 2024 జనవరిలో మొదలైంది. మధ్యలో వైఫై 6ఈ అని ఒకటుంది, అది వేరే టెక్నాలజీ ఏం కాదు, అదే వైఫై 6కి 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్ కలిపితే 6ఈ.

ఇక్కడిదాకా చాలామందికి తెలుసు. అసలు చిక్కేంటంటే "వైఫై 6" అని స్టిక్కర్ ఉన్న రెండు ల్యాప్‌టాప్‌లు పక్కపక్కన పెడితే ఒకదాని లింక్ స్పీడ్ ఇంకోదానికి నాలుగు రెట్లు ఉండొచ్చు. ఇంటెల్ వాళ్లదే ఏఎక్స్ 101 అని ఒక కార్డు ఉంది, దాని గరిష్ఠ లింక్ స్పీడ్ 600 ఎంబీపీఎస్. అదే ఇంటెల్ ఏఎక్స్ 201 అయితే 2400. రెండిటి మీదా వైఫై 6 అనే రాస్తారు, అందులో అబద్ధం కూడా ఏం లేదు. ఇంకా చెప్పాలంటే ఏఎక్స్ 101 కన్నా పాత వైఫై 5 కార్డు ఒకటి, ఇంటెల్ ఏసీ 8265 అని ఏడో జనరేషన్ ప్రాసెసర్ల రోజుల్లో ఆఫీసు ల్యాప్‌టాప్‌లలో వచ్చేది, దాని లింక్ స్పీడ్ 867. అంటే సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత ల్యాప్‌టాప్, కొత్త వైఫై 6 ల్యాప్‌టాప్ కన్నా ఎక్కువ లింక్ చూపించొచ్చు. కాబట్టి 4, 5, 6, 7 అనే అంకె ఒక్కదాన్నీ పట్టుకుని కొనకూడదు, దాని వెనక ఇంకో మూడు సంగతులున్నాయి.

బ్యాండు, యాంటెన్నా, వెడల్పు

మొదటిది బ్యాండు. 2.4 గిగాహెర్ట్జ్ అంటే మన ఊరి పాత బజారు సందు లాంటిది, మొత్తం కలిపి 83 మెగాహెర్ట్జ్ జాగా, అందులో ఒకదాన్నొకటి తగలకుండా పనిచేసే ఛానెళ్లు మూడే, 1, 6, 11. పక్కింటి వైఫై, పైఇంటి వైఫై, బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు, వైర్‌లెస్ మౌస్, ఆఖరికి వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ కూడా అదే సందులో తిరుగుతాయి. 5 గిగాహెర్ట్జ్‌లో అయితే 2018 అక్టోబర్‌లో మన ప్రభుత్వం 605 మెగాహెర్ట్జ్ దాకా లైసెన్స్ లేకుండా వాడుకోమని తెరిచింది, 83 ఎక్కడ 605 ఎక్కడ. దూరం వెళ్లడంలో, గోడలు దాటడంలో మాత్రం 2.4దే పైచెయ్యి, అందుకని రెండూ కావాలి. ల్యాప్‌టాప్‌లో 5 గిగాహెర్ట్జ్ లేకపోతే ఎంత తక్కువకి ఇచ్చినా దాన్ని అక్కడే పెట్టేసి రండి, ఇందులో నాకు రెండో మాట లేదు.

స్పెక్ కాగితం మీద దీన్ని ఎలా పట్టుకోవాలంటే, 802.11 పక్కన బీ, జీ, ఎన్ అని మూడే ఉంటే అది 2.4 మాత్రమే. ముందు ఏ అని కూడా ఉన్నా, చివర ఏసీ గానీ ఏఎక్స్ గానీ ఉన్నా 5 ఉన్నట్టే. మా మేనకోడలి దాని డబ్బా తీయించి చూస్తే అట్ట మీద చిన్న అక్షరాల్లో బీ, జీ, ఎన్ అనే ఉంది, అంటే వాళ్లు దాచలేదు, మనమే చదవలేదు.

రెండోది యాంటెన్నాలు. స్పెక్‌లో 1×1 అనో 2×2 అనో ఉంటుంది, కొందరు మధ్యలో ఇంటూ బదులు నక్షత్రం గుర్తు (*) పెడతారు, అదీ అదే. 1×1 అంటే పంపడానికి ఒక దారి, తీసుకోడానికి ఒక దారి. 2×2 అంటే రెండేసి. స్పీడ్ రెట్టింపు అవడం ఒక లాభం, కానీ దానికన్నా నాకు ముఖ్యమనిపించేది ఇంకోటుంది, రౌటర్ హాల్లో ఉండి మీరు వెనక గదిలో ఉన్నప్పుడు రెండు యాంటెన్నాలకి వచ్చిన సిగ్నల్‌ని కార్డు కలిపి చదువుతుంది, అందుకని సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట 1×1 తడబడుతుంటే 2×2 నిలబడుతుంది. మన ఇళ్లకి తొమ్మిదంగుళాల ఇటుక గోడలు, పైన ఆర్‌సీసీ శ్లాబు, కాబట్టి ఈ తేడా మన ఇళ్లల్లో బాగానే తెలుస్తుంది. ఇంకో సంగతి, 1×1 కార్డుల్లో చాలావాటిలో బ్లూటూత్‌కీ వైఫైకీ అదే ఒక్క యాంటెన్నా, 2.4లో వైఫై వాడుతూ బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే రెండూ వంతులేసుకోవాలి, క్లాసు మధ్యలో మాట తెగితెగి రావడానికి ఒక్కోసారి ఇదే కారణం, ఇయర్‌ఫోన్లు పాడయ్యాయని కొత్తవి కొనేస్తాం.

మూడోది ఛానెల్ వెడల్పు, రోడ్డు వెడల్పు అనుకోండి. 20, 40, 80, 160, వైఫై 7లో 320 మెగాహెర్ట్జ్ దాకా. వెడల్పు రెట్టింపైతే స్పీడు సుమారు రెట్టింపు. వైఫై 6లో 2×2 కార్డు 80 వెడల్పులో 1200 ఎంబీపీఎస్, 160లో 2400. ఇంటెల్ ఏఎక్స్ 203కీ ఏఎక్స్ 201కీ ఉన్న తేడా ఇదే, మొదటిది 80 దగ్గర ఆగిపోతుంది. కానీ ఈ మూడో దాని గురించి మీరు మరీ బెంగపెట్టుకోనక్కర్లేదు, 160 వాడాలంటే రౌటర్ కూడా 160 ఇవ్వాలి, మామూలుగా ఇళ్లల్లో ఉండే రౌటర్లలో 80 వరకే ఎక్కువ.

ఇప్పుడు ఆ 72 ఎక్కడ్నుంచి వచ్చిందో చూడండి. వైఫై 4, 2.4 గిగాహెర్ట్జ్, 1×1, 20 వెడల్పు, ఈ నాలుగూ కలిస్తే వచ్చే గరిష్ఠం 72.2. 40 వెడల్పు దొరికితే 150 అయ్యేది, కానీ చుట్టూ వైఫైలు ఉన్న వీధిలో రౌటర్ తనంతట తనే 20కి దిగిపోతుంది. పైగా లింక్ స్పీడ్ మొత్తం మన చేతికి రాదు, అందులో సగం నుంచి మహా అయితే ముప్పాతిక వస్తుంది, మిగతాది కార్డూ రౌటరూ తమలో తాము మాట్లాడుకోడానికే పోతుంది. 72లో సగం 36, మాకు వచ్చింది 38. ప్లాన్ 200 కాదు 1000 పెట్టించినా ఆ ల్యాప్‌టాప్‌కి ఇంతకన్నా పెద్దగా వచ్చేది కాదు.

అందుకని కొన్ని లింక్ నంబర్లు మనసులో పెట్టుకుంటే చాలా పనికొస్తాయి. 72, 150 కనిపిస్తే వైఫై 4, 1×1. 433 అంటే వైఫై 5, 1×1. 867 అంటే వైఫై 5, 2×2. 600 అంటే వైఫై 6, 1×1. 1200 అంటే వైఫై 6, 2×2. 2400 అంటే అదే 160 వెడల్పులో. నేనైతే ల్యాప్‌టాప్ ఎవరిదైనా ముందు ఈ నంబర్ చూసి ఆ తర్వాతే మిగతా మాట.

కార్డు పేరు

ఈ మూడు సంగతులూ విడివిడిగా అడిగితే షాపులో చాలామంది చెప్పలేరు, వాళ్ల తప్పు కాదు, రోజుకి వంద మోడళ్లు చూస్తారు. కానీ కార్డు పేరు తెలిస్తే మూడూ తెలిసిపోతాయి. రియల్‌టెక్ 8821 సీఈ అంటే వైఫై 5, 1×1, 433. రియల్‌టెక్ 8822 సీఈ అంటే వైఫై 5, 2×2. రియల్‌టెక్ 8852 తో మొదలయ్యే ఏఈ, బీఈలు వైఫై 6, 2×2, 80 వెడల్పు. మీడియాటెక్ 7921 కూడా అదే కోవ. మీడియాటెక్ 7922 అయితే 6ఈ, 160 వెడల్పు, ఏఎండీ ల్యాప్‌టాప్‌లలో ఇదే ఆర్‌జెడ్ 616 అనే పేరుతో కనిపిస్తుంది. ఇంటెల్‌లో ఏఎక్స్ 101, 203, 201 చెప్పేశాను, ఏఎక్స్ 210, 211 రెండూ 6ఈ. బీఈ 200, 201 వైఫై 7, 320 వెడల్పు, అదే బీఈ 202 అయితే వైఫై 7 అయినా 160 దగ్గర ఆగుతుంది, చూశారా ఇక్కడ కూడా స్టిక్కర్ ఒకటే లోపల సరుకు వేరు. లినక్స్ వాడే అలవాటున్న పిల్లలైతే ఇంటెల్ కార్డు ఉన్నది చూసుకోవడం హాయి, డ్రైవర్ల కోసం వెతుక్కునే పని తక్కువ.

ఆన్‌లైన్‌లో కొనేటట్టయితే ఫ్లిప్‌కార్ట్‌లో కిందకి వెళ్తే వైర్‌లెస్ లాన్ అనే వరుస ఉంటుంది, అక్కడ ఏం రాశారో చదవండి, 1×1 అని ఉంటే అక్కడే దొరికిపోతుంది. కానీ అంతటితో ఆగకుండా మోడల్ పూర్తి నంబర్, అంటే పేరు చివర వచ్చే ఆ పొడుగాటి అక్షరాలూ అంకెలూ కలిపి కంపెనీ సొంత సైట్‌లో వెతకండి. లెనోవోకి పీఎస్‌రెఫ్ అని విడిగా స్పెక్ సైటే ఉంది, అందులో వైఫై వరుస చాలా స్పష్టంగా రాస్తారు. పూర్తి నంబర్ అని ఎందుకంటున్నానంటే ఒకే పేరుతో అమ్మే ల్యాప్‌టాప్‌లో నాలుగైదు రకాలుంటాయి, 45 వేలదానికి ఒక కార్డు 60 వేలదానికి ఒక కార్డు, రివ్యూ వీడియోలో ఆయన చూపించింది ఖరీదైనది, మనింటికి వచ్చేది చౌకది.

షాపుకెళ్లి కొనేవాళ్లకి నేను చెప్పేది ఇంకా సులువు. సికింద్రాబాద్‌లో ప్యారడైజ్ దగ్గర కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లినా, మీ ఊళ్లో షోరూమ్‌కి వెళ్లినా, డెమో పీస్ ఆన్‌లోనే ఉంటుంది కదా, మీ జేబులో ఫోన్ ఉంటుంది కదా, ఆ రెండూ చాలు. ఫోన్‌లో హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌కి వెళ్లి బ్యాండ్ దగ్గర 5 గిగాహెర్ట్జ్ అని పెట్టండి, ఐఫోన్ అయితే మాక్సిమైజ్ కంపాటిబిలిటీ అన్న బటన్ ఆఫ్ చెయ్యండి. హాట్‌స్పాట్ ఆన్ చేసి డెమో ల్యాప్‌టాప్‌లో వైఫై లిస్ట్ ఓపెన్ చేసి ఒక నిమిషం చూడండి. మీ ఫోన్ పేరు పక్కనున్న ల్యాప్‌టాప్‌లో కనిపించి ఈ ల్యాప్‌టాప్‌లో కనిపించలేదంటే దీనికి 5 లేదు, ఇంక మాటలక్కర్లేదు. కనిపిస్తే కనెక్ట్ చెయ్యండి, సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, వైఫై, అక్కడ మీ నెట్‌వర్క్ ప్రాపర్టీస్ నొక్కి కిందికి జరిపితే ప్రోటోకాల్ దగ్గర వైఫై ఎన్నో, నెట్‌వర్క్ బ్యాండ్ దగ్గర ఎంతో, లింక్ స్పీడ్ ఎంతో, డిస్క్రిప్షన్ దగ్గర కార్డు పేరు, అన్నీ ఒకేచోట ఉంటాయి. ఫోన్‌తో ఫొటో తీసుకుని బయటికొచ్చి తీరిగ్గా కార్డు పేరు వెతుక్కోండి. ఫోన్ హాట్‌స్పాట్‌కి కూడా దాని హద్దు దానికుంటుంది కాబట్టి అక్కడ కనిపించే లింక్ స్పీడ్‌నే ఆఖరి మాట అనుకోవద్దు, కార్డు పేరే ఆఖరి మాట. కనెక్ట్ చెయ్యనివ్వకపోతే డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్స్ నొక్కినా పేరు కనిపిస్తుంది, దానికి ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు.

మీ ఇంట్లో ఏముంది

ల్యాప్‌టాప్ ఎంత మంచిదైనా రౌటర్ ఇచ్చినంతే తీసుకుంటుంది, ఇద్దరిలో ఎవరు పాతవాళ్లైతే వాళ్ల భాషలోనే మాట సాగుతుంది. రౌటర్ల డబ్బా మీద నంబర్లు కూడా జాగ్రత్తగా చదవాలి. ఏసీ 1200 అంటే 1200 వస్తుందని కాదు, 5లో 867, 2.4లో 300, రెండూ కూడి గుండ్రం చేసిన లెక్క అది. ఏఎక్స్ 1500 అంటే 1200, 300. ఏఎక్స్ 3000 అంటే 2400, 574. ల్యాప్‌టాప్ ఒకసారికి ఒక బ్యాండ్‌లోనే ఉంటుంది కాబట్టి మనకి కావాల్సింది అందులో పెద్ద నంబర్ మాత్రమే. ఇంకో చిన్న మెలిక, చౌక ఏసీ 1200 రౌటర్లు చాలావాటికి వెనక పోర్టు 100 ఎంబీపీఎస్‌దే, గాలిలో 867 ఉన్నా వైరులోంచి లోపలికి వచ్చేదే 100, 200 ప్లాన్ కట్టి ఈ రౌటర్ పెట్టుకుంటే సగం డబ్బు గుమ్మం బయటే ఆగిపోతుంది. గిగాబిట్ పోర్టులు, అంటే 1000 ఎంబీపీఎస్‌వి, అని ఉందో లేదో చూసుకోండి.

చాలా ఇళ్లల్లో రౌటర్ రెండు పేర్లతో వైఫై ఇస్తుంది, ఒకదాని చివర 5జీ అని ఉంటుంది, అది ఫోన్ 5జీ కాదు, 5 గిగాహెర్ట్జ్ అని అర్థం. ల్యాప్‌టాప్‌ని దానికి కనెక్ట్ చేస్తే సరిపోయే ఇబ్బందులు ఎన్నో, కొత్త ల్యాప్‌టాప్ కొందామనుకునేముందు పాతదాన్ని ఒకసారి దానికి తగిలించి చూడండి.

సరే, మరి ఎంత తీసుకోవాలి. మీ ప్లాన్ 100, 150 అయితే లెక్క ప్రకారం 433 కూడా సరిపోతుంది, రౌటర్ అదే గదిలో ఉంటే. కానీ ల్యాప్‌టాప్ నాలుగైదేళ్లు వాడతాం, హాస్టల్‌కి వెళ్తాం, ఇల్లు మారతాం, కాబట్టి నా మాట వింటే ఇవాళ కొనేవాళ్లు వైఫై 6, 2×2 కన్నా తక్కువకి దిగకండి. వైఫై 6లో స్పీడ్ కన్నా గొప్ప సంగతి జనం ఎక్కువున్నచోట తెలుస్తుంది, ఒక ఛానెల్‌ని చిన్న చిన్న ముక్కలు చేసి ఒకేసారి చాలామందికి వడ్డించే పద్ధతి అందులో ఉంది, పాతవాటిలో ఒకరి తర్వాత ఒకరు క్యూలో నిలబడాల్సిందే. హాస్టల్లో రౌటర్ కూడా వైఫై 6 అయితేనే ఈ లాభం. పైగా వైఫై 6 సర్టిఫికేషన్‌కి డబ్ల్యూపీఏ 3 సెక్యూరిటీ తప్పనిసరి, పాస్‌వర్డ్ ఊహించి దూరేవాళ్లకి అది గట్టి తాళం.

6 గిగాహెర్ట్జ్ గురించి ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. అమెరికాలో 2020 ఏప్రిల్‌లోనే మొత్తం 1200 మెగాహెర్ట్జ్ వైఫైకి ఇచ్చేశారు. మన దగ్గర 2025 మేలో టెలికాం శాఖ 5925 నుంచి 6425 వరకు, అంటే 500 మెగాహెర్ట్జ్ మాత్రం లైసెన్స్ లేకుండా వాడుకునేలా డ్రాఫ్ట్ రూల్స్ పెట్టింది. ఆ 500లో వైఫై 7 వాళ్లు చెప్పే 320 వెడల్పు ఛానెల్ ఒక్కటే పడుతుంది. అందుకని ఇక్కడే ఉండి చదువుకునేవాళ్లు, ఇంటి నుంచి పనిచేసేవాళ్లు 6ఈ కోసం, వైఫై 7 కోసం విడిగా పది వేలు ఎక్కువ పెట్టనక్కర్లేదు, అదే డబ్బుతో ర్యామ్ 8 నుంచి 16 చేయించుకోండి. మిగతావన్నీ నచ్చిన ల్యాప్‌టాప్‌లో అది వచ్చేస్తే మంచిదే, కాదనొద్దు.

ఎమ్మెస్‌కి అమెరికా వెళ్లే పిల్లల సంగతి వేరు. జూలై, ఆగస్టుల్లో ఇక్కడే ల్యాప్‌టాప్ కొని తీసుకెళ్తారు, అక్కడ ముగ్గురు నలుగురు కలిసి అపార్ట్‌మెంట్ తీసుకుంటారు, ఆ బిల్డింగ్‌లో ప్రతి ఇంటికీ ఒక వైఫై, 2.4 అంతా కిక్కిరిసి ఉంటుంది, 5 కూడా ఒక్కోచోట అంతే. అక్కడ 6 గిగాహెర్ట్జ్ ఉన్న రౌటర్ దొరికితే నిజంగానే ఖాళీ రోడ్డు మీద బండి నడిపినట్టు ఉంటుంది. వాళ్లకి నేను 6ఈ ఉన్నదే తీసుకోమని చెప్తాను. మ్యాక్‌బుక్ ఎయిర్ తీసుకునేవాళ్లైతే ఎం1, ఎం2 చిప్‌లు ఉన్నవాటిలో వైఫై 6, ఎం3 నుంచి 6ఈ, డిస్కౌంట్‌లో పాతది దొరికినప్పుడు ఈ తేడా గుర్తుపెట్టుకోండి. విండోస్ వాళ్లు ఇంకోటి గమనించాలి, 6 గిగాహెర్ట్జ్ వాడాలంటే విండోస్ 11 ఉండాలి, వైఫై 7 పూర్తిగా పనిచెయ్యాలంటే అందులోనూ 24హెచ్2 వెర్షన్ ఉండాలి.

కార్డు మార్చుకోవచ్చా అంటే కొన్నిటిలో మార్చుకోవచ్చు. కార్డుని బోర్డుకి అతికించేసిన సన్న ల్యాప్‌టాప్‌లలో కుదరదు, ఎం.2 స్లాట్ అనే గాడిలో స్క్రూతో బిగించినవాటిలో కుదురుతుంది. ఇంటెల్‌లో చివర 1 ఉన్న ఏఎక్స్ 201, 211 లాంటివి ఇంటెల్ ప్రాసెసర్‌తోనే పనిచేస్తాయి, ఏఎండీ ల్యాప్‌టాప్‌లో పెట్టుకోడానికి ఏఎక్స్ 200, 210 కొనాలి. వారంటీ ఉన్నన్నాళ్లూ ముట్టుకోకపోవడం మంచిది, మేమూ ఆగాం, అప్పటిదాకా రౌటర్ నుంచి మేనకోడలి బల్ల దాకా గోడ వెంబడి లాన్ వైరు లాగించాను, దాని ల్యాప్‌టాప్‌కి అదృష్టం కొద్దీ పోర్టు ఉంది.

వారంటీ అయిపోయాక కింది మూత విప్పాం. కార్డు బొటనవేలి గోరుకన్నా కొంచెం పెద్దది, ఒక్క స్క్రూ, స్క్రూ తీయగానే ఒక పక్క నుంచి అదే పైకి లేచింది. దాని మీద బియ్యపు గింజంత ఇత్తడి బొడిపెకి సన్నటి నల్ల వైరు తగిలించి ఉంది. మామూలుగా నల్లది ఒకటి తెల్లది ఒకటి రెండు వైర్లు ఉండాలి, ఇందులో ఒకటే ఉంది, అంటే ల్యాప్‌టాప్ తయారుచేసినప్పుడే రెండో యాంటెన్నా పెట్టలేదు. 2×2 కార్డు పెట్టినా అది 1×1 లాగే నడుస్తుంది, ఈ సంగతి ఏ స్పెక్ కాగితం మీదా ఉండదు, విప్పితేనే తెలుస్తుంది. అయినా 5 గిగాహెర్ట్జ్ వస్తే చాలనుకుని ఏఎక్స్ 210 తెచ్చా, నేను కొన్నప్పుడు రెండు వేలకి కొంచెం తక్కువే పడింది. కార్డుని వాలుగా గాడిలోకి తోసి, స్క్రూ బిగించి, ఆ వైరు చివరని బొడిపె మీద సరిగ్గా నిలబెట్టి వేలితో నొక్కితే టిక్‌మని పట్టుకుంది. ఈ ఒక్క పని ఓపికగా చెయ్యాలి, పక్కకి జరిగి ఉండగా బలంగా నొక్కితే ఆ చిన్న అంచు వంగిపోతుంది, మళ్లీ పట్టదు. మూత బిగించేముందే ఆన్ చేసి చూశాం. బ్యాండ్ 5 గిగాహెర్ట్జ్, రౌటర్ వైఫై 5దే కాబట్టి లింక్ స్పీడ్ 433, స్పీడ్ టెస్ట్ 185. లాన్ వైరు మాత్రం తీయొద్దంది మేనకోడలు, పరీక్షలప్పుడు అదే నమ్మకమట.

కొత్తది ఆర్డర్ పెట్టి ఇంటికి తెప్పించుకునేవాళ్లు డబ్బా విప్పిన రోజే ఆ ప్రాపర్టీస్ పేజీ ఓపెన్ చేసి కార్డు పేరు, లింక్ స్పీడ్ చూసి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. సైట్‌లో 2×2 అని రాసి ఇంట్లో 433, 600 కనిపిస్తుంటే ముందు 5 గిగాహెర్ట్జ్ పేరుకి కనెక్ట్ అయ్యారో లేదో, రౌటర్ ఎంతదాకా ఇవ్వగలదో చూడండి, రౌటర్ పక్కనే కూర్చుని మళ్లీ చూడండి, అప్పటికీ అంతే ఉంటే వెనక్కి ఇచ్చే గడువు దాటకముందే ఆ స్క్రీన్‌షాట్‌తో ఫోన్ చెయ్యండి.